విశాఖ రాళ్ల ఒడ్డున సముద్రపు పక్షులు: చూడటం, ఫొటో తీయడం

మొదటి చలికాలమంతా నేను పొద్దున్నే ఆరింటికల్లా ఒడ్డున ఉండేవాణ్ణి. పక్షుల కోసమైతే తెల్లవారుజామునే లేవాలని అందరూ చెప్పే మాటే కదా. మూడు నెలల తర్వాత హార్డ్ డిస్క్ తెరిచి చూసుకుంటే వందలకొద్దీ నల్లబొమ్మలు. నల్ల కొంగ, నల్ల రాయి, వెనకాల కళ్లు మిరుమిట్లు గొలిపే సముద్రం. కెమెరా మార్చాలేమో అనుకున్నాను. కెమెరా తప్పేం లేదు. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పక్షి నీళ్లకీ నాకూ మధ్యలో ఉంటే ఎండ దాని వీపు మీదే పడుతుంది, నా వైపున్నది నీడ.

అడవిలోనో చెరువు గట్టునో పనికొచ్చే సలహాలన్నీ రాళ్ల ఒడ్డుకు పనికిరావు. ఇక్కడ మూడు సంగతులు ముందు తేల్చుకోవాలి: నీరు ఎక్కుతోందా దిగుతోందా, ఎండ ఏ వైపు నుంచి వస్తోంది, గాలి ఎటు వీస్తోంది. ఈ మూడూ తెలిసినవాడు మామూలు కెమెరాతో తెచ్చే ఫొటో, తెలియనివాడు లక్షల లెన్సుతో కూడా తేలేడు. విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డు నాకు బాగా తెలుసు కాబట్టి అక్కడి లెక్కలే చెబుతాను.

1. చోటు

తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి ఆగిన ఊరు విశాఖ. అందుకే ఆంధ్ర తీరంలో మిగతా చోట్ల ఎక్కువగా ఇసుకా బురదా ఉంటే, ఇక్కడ ఖోండలైటు రాళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. ఇసుక ఒడ్డున తిరిగే పక్షులు వేరు, ఈ రాళ్లను పట్టుకుని బతికేవి వేరు. రెండూ కలిసే చోటు దొరికితే పండగే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెన్నేటి పార్కు కింద మొదలుపెట్టండి. 2020 అక్టోబరులో 'మా' అనే బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆగింది ఇక్కడే. ముందు పైనుంచి బైనాక్యులర్‌తో రాళ్లన్నీ వెతికి, ఎక్కడ ఏముందో చూసుకుని కిందికి దిగవచ్చు. తర్వాత రుషికొండకు ఇటూ అటూ ఉన్న రాళ్లు. ఆ తర్వాత తొట్లకొండకు ఎదురుగా మంగమారిపేట, అక్కడి సహజ శిలాతోరణం చుట్టుపక్కల నీరు దిగినప్పుడు రాతి గుంటలు బయటపడతాయి. చివరగా భీమిలి. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బల మీద గల్ పక్షులూ రామదాసులూ (టెర్న్ పక్షులు) గుంపుగా కూర్చుంటాయి. యారాడ అందమైనదే, కానీ ఆదివారం జనం ఎక్కువ, పక్షులు తక్కువ.

ఒక హెచ్చరిక. ఇది నేవీ ఉన్న ఊరు. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, భీమిలి దారిలో ఐఎన్ఎస్ కళింగ అనే నేవీ స్థావరం ప్రహరీ దగ్గర పెద్ద లెన్సు బయటికి తీసి నిలబడకండి. ఫొటోలు నిషేధమని బోర్డు ఉంటే సంచి జిప్పు వేసేయడమే. డ్రోన్ సంగతి అసలు తలచుకోవద్దు. అనుమతుల గొడవ ఒకటి, అది లేవగానే ఒడ్డు మీది పక్షులన్నీ లేచిపోవడం ఇంకొకటి.

2. కాలం

అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా. ఉల్లంకి పిట్టల్లాంటివి (శాండ్‌పైపర్లు) కొన్ని ఆగస్టు, సెప్టెంబరుల్లోనే దిగుతాయి గానీ గల్ పక్షుల గుంపులు చలి పడ్డాకే నిండుగా కనిపిస్తాయి. గోధుమతల గల్ లదాఖ్, టిబెట్ ఎత్తు సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి మన ఒడ్డుకు వస్తుంది. మార్చిలో వాటి తలలు గోధుమ రంగుకు తిరగడం మొదలైతే వెళ్లే రోజులు దగ్గర పడ్డట్టే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల చేపల వేట నిషేధం. పడవల వెంట తిరిగే సందడి ఆ రెండు నెలలూ ఉండదు. అయినా రీఫ్ కొంగ, గరుడ పక్షి ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి. ఎండ భరించగలిగితే వేసవిలో ఒడ్డు మొత్తం మీదే.

3. పోటూ పాటూ లెక్క

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, జనం వదిలేసేదీ ఇదే.

నీరు ఎక్కడం పోటు, దిగడం పాటు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య దాదాపు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అంటే ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు నీరు పూర్తిగా దిగితే, రేపు సుమారు ఒంటిగంటా యాభైకి, ఎల్లుండి రెండు నలభైకి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గిపోతుంది. విశాఖలో పెద్ద పోటుకీ పెద్ద పాటుకీ ఎత్తులో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది చాలా తక్కువే, కానీ ఒక రాయి మునగడానికీ తేలడానికీ అది చాలు.

గోడ మీది తెలుగు క్యాలెండర్ ఇక్కడ ఎంత పనికొస్తుందో చాలామందికి తెలియదు. ఒకే ఊళ్లో పౌర్ణమి నాటి పాటు ఏ నెలలోనైనా ఇంచుమించు అదే వేళకు వస్తుంది. ఒక పౌర్ణమికి వెళ్లి గడియారం చూసి రాసుకుంటే వచ్చే పౌర్ణమికి అదే లెక్క. మధ్యలో రోజులకు రోజుకు యాభై నిమిషాల చొప్పున కలుపుకోండి. కచ్చితమైన వేళలు కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల అంచనాలు ఇస్తుంది. ఎత్తయిన అలల హెచ్చరికలు కూడా వాళ్లే ఇస్తారు, బయలుదేరే ముందు అవి తప్పకుండా చూడండి.

ఇప్పుడు పక్షుల సంగతి. నీరు పూర్తిగా దిగినప్పుడు రాళ్లన్నీ తేలి ఉంటాయి కాబట్టి పక్షులు చెల్లాచెదరుగా దూరదూరంగా మేస్తుంటాయి. అన్నీ కనిపిస్తాయి, ఒక్కటీ దగ్గరగా ఉండదు. నీరు మళ్లీ ఎక్కడం మొదలయ్యాక మేత ఉన్న రాళ్లు ఒక్కొక్కటే మునుగుతాయి. పక్షులు వరసగా ఒడ్డు వైపు జరుగుతాయి. మీరు ముందే వచ్చి ఒడ్డు రాయి మీద కదలకుండా కూర్చుని ఉంటే, మీరు వాటి దగ్గరికి వెళ్లనక్కర్లేదు. సముద్రమే వాటిని మీ దగ్గరికి తోస్తుంది. నా లెక్క ప్రకారం పాటు ముగిశాక ఒక గంట గడిచినప్పటి నుంచి మూడు గంటలు గడిచేదాకా బంగారం లాంటి సమయం. ఇది మధ్యాహ్నం మూడూ అయిదూ మధ్య పడే రోజులు నెలలో అయిదారే వస్తాయి. వాటిని క్యాలెండర్ మీద చుక్క పెట్టుకోండి, పెళ్లిళ్లు పేరంటాలు ఆ రోజుల్లో పడకుండా చూసుకోవడం మీ తిప్పలు.

4. ఎండ, గాలి, దిక్కులు

వాస్తు కోసం నేర్చుకున్న దిక్కులు ఇక్కడ నిజంగానే అక్కరకొస్తాయి. విశాఖ నుంచి భీమిలికి తీరం ఈశాన్యంగా సాగుతుంది. సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. చలికాలంలో సూర్యుడు కూడా తూర్పుకు కాస్త ఆగ్నేయంగా లేస్తాడు. అంటే పొద్దున సముద్రం వైపు చూస్తే సరిగ్గా కళ్లల్లో ఎండ. ఉదయం వెళ్లక తప్పకపోతే, రాళ్ల కొస దాకా నడిచి, అక్కడి నుంచి ఒడ్డు వెంబడి ఊరి వైపు, నైరుతిగా చూడండి. ఎండ మీ ఎడమ పక్క నుంచి పడుతుంది. పక్షికి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ, కాస్త నాటకీయంగా బాగుంటుంది.

మధ్యాహ్నం మూడు దాటాక లెక్క తారుమారు. ఇప్పుడు భీమిలి వైపు, ఈశాన్యంగా చూడండి. ఎండ మీ వెనక నుంచి వస్తుంది, రంగులన్నీ ఉన్నవున్నట్టు పలుకుతాయి. చలికాలంలో సూర్యాస్తమయం అయిదుంపావుకూ ఆరింటికీ మధ్యే. పైగా కైలాసగిరి లాంటి కొండలు వెనకే ఉన్నాయి కాబట్టి, తెన్నేటి పార్కు దగ్గర కొండ నీడ సూర్యాస్తమయానికి చాలా ముందే ఒడ్డు మీద పడిపోతుంది. 'ఇంకా గంట ఉందిలే' అనుకుని టీ తాగడానికి వెళ్తే వచ్చేసరికి వెలుగు లేదు. నాకు రెండుసార్లు జరిగింది.

గాలి సంగతి ఇంకా చమత్కారం. పక్షులు గాలికి ఎదురుగా ముఖం పెట్టి కూర్చుంటాయి, ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. గాలి వెనక నుంచి కొడితే ఈకలు రేగిపోతాయి కదా. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, కాబట్టి పక్షుల ముఖాలు మన వైపు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, కాబట్టి వాటి తోకలు మన వైపు. అంటే మన తీరంలో ముఖం పొద్దున దొరుకుతుంది, వెలుగు సాయంత్రం దొరుకుతుంది. రెండూ కావాలంటే సాయంత్రమే వెళ్లి, నేరుగా సముద్రం వైపు కాకుండా ఒడ్డు వెంబడి చూడాలి. అప్పుడు పక్షి పక్కకు తిరిగినట్టుగా, ముక్కూ కన్నూ తోకా అన్నీ కనిపించేలా దొరుకుతుంది. గంభీరమైన పాఠమేం కాదు గానీ, ఇది అర్థమైన రోజున నా ఫొటోలు సగం బాగుపడ్డాయి.

5. సామాను

బైనాక్యులర్ ముందు, కెమెరా తర్వాత. 8×42 కొనుక్కోండి. 10×42 ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది గానీ సముద్రపు గాలిలో చెయ్యి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది.

కెమెరాకు కనీసం 300 మి.మీ. లెన్సు, వీలైతే 100-400 లేదా 150-600. ఏపీఎస్-సీ సెన్సరున్న (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరు) బాడీ అయితే 400 మి.మీ. లెన్సు 600 చూపినంత దగ్గరగా చూపిస్తుంది, కాబట్టి ఫుల్ ఫ్రేమ్ లేదని బాధపడకండి. బడ్జెట్ తక్కువైతే జూమ్ ఎక్కువున్న బ్రిడ్జి కెమెరా (లెన్సు మార్చలేనిది) కూడా రాళ్ల మీద కూర్చున్న పక్షులకు చక్కగా పనిచేస్తుంది, ఎగిరేవాటికే కష్టం.

ట్రైపాడ్ రాళ్ల మీద పెద్ద తలనొప్పి. దాని బదులు పాత జీన్స్ ప్యాంటు కాలు ఒక అడుగు ముక్క కోసి, ఒక వైపు కుట్టించి, కిలోన్నర శనగలు పోసి రెండో వైపు కూడా కుట్టించండి. రాయి మీద ఆ సంచి, సంచి మీద లెన్సు. కదలదు, జారదు, కెమెరా నేలకు దగ్గరగా ఉంటుంది. పక్షి కంటి ఎత్తులో తీసిన ఫొటోకూ నిలబడి కిందికి చూస్తూ తీసినదానికీ ఉన్న తేడా మీరే చూస్తారు.

బట్టలు రాతి రంగులో ఉంటే మంచిది: బూడిద, ఖాకీ, మట్టి రంగు. తెల్ల చొక్కా వద్దు. కాళ్లకు జారకుండా పట్టు ఉన్న బూట్లు. హవాయి చెప్పులతో రాళ్లెక్కితే ఆలుచిప్పల అంచులు పాదాలను చీరేస్తాయి.

6. పాచి, అలలు

రాయి తడిగా, నల్లగా, ఆకుపచ్చగా ఉంటే దాని మీద అడుగు వేయకండి. పాచి మీద జారి నేను మోకాలు చీల్చుకున్నాను. లెన్సు హుడ్ విరిగింది, లెన్సు దక్కింది. దిగే ముందు పదిహేను నిమిషాలు ఒడ్డునే నిలబడి అల ఎంతవరకు వస్తోందో చూడండి. కొన్ని చిన్న అలల తర్వాత ఒకటి పెద్దది వస్తుంది, అది తడిపిన గీతకు పైనే మీ చోటు. ఇక నీరు ఎక్కే వేళలో కూర్చుంటాం కాబట్టి, వెనక్కి వచ్చే దారి ముందే మునిగే పల్లంలోంచి పోతోందేమో చూసుకోవాలి. ఒకసారి పెదజాలరిపేట తాత ఒకాయన నా వెనక నుంచి కేకేశాడు: "బాబూ, ఆ రాయి మీద కూకోకండి, గంటలో చుట్టూ నీరొచ్చేత్తాది!" ఆయన చెప్పినట్టే గంటలో వచ్చేసింది. ఒడ్డు మీదివాళ్లు ఏదైనా చెబితే వినండి, వాదించకండి. ఒంటరిగా వెళ్లకండి.

7. ఎవరు ఎవరు?

పాతిక పేర్లు ఒకేసారి నేర్చుకోవాలనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ముందు ఈ కొన్నిటితో స్నేహం చేయండి.

*రీఫ్ కొంగ.* ఈ ఒడ్డుకు అసలు యజమాని. బూడిద నలుపు రంగులో, గొంతు కింద తెల్ల మచ్చతో రాయిలో రాయిలా నిలబడుతుంది. తెల్లవి కూడా ఉంటాయి, అక్కడే తికమక. మామూలు చిన్న తెల్లకొంగకు ముక్కు సన్నగా, నల్లగా, సూటిగా ఉంటుంది. రీఫ్ కొంగకు ముక్కు లావుగా, పసుపు గోధుమ రంగులో, కిందికి కాస్త వంగినట్టు ఉంటుంది. వేట పద్ధతి కూడా చూడండి. నిమిషాలపాటు కదలదు, తర్వాత రెక్కలు సగం విప్పి తాగినవాడిలా అటూ ఇటూ పరుగెత్తి పొడుస్తుంది.

*గల్ పక్షులు.* మన ఒడ్డున చలికాలంలో ఎక్కువగా రెండు రకాలు: గోధుమతల గల్, నల్లతల గల్. పేర్లు చూసి మోసపోకండి, చలికాలంలో రెండింటి తలా తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఒక నల్ల చుక్క తప్ప. తేడా రెక్కల్లో ఉంది. గోధుమతలకు రెక్క కొసలు వెడల్పుగా నల్లగా ఉండి వాటిలో తెల్ల మచ్చలుంటాయి. నల్లతలకు రెక్క ముందంచు వెంబడి తెల్లటి పట్టీ మెరుస్తుంది. దగ్గరగా దొరికితే కన్ను చూడండి: పెద్ద గోధుమతలకు కనుపాప లేత రంగు, నల్లతలకు ముదురు. వీటి మధ్య ఒక్కోసారి రెట్టింపు దేహంతో, పసుపు ముక్కు కొస దగ్గర నలుపూ ఎరుపూ పట్టీలతో ఒక పెద్దాయన కనిపిస్తాడు. అది పలాస్ గల్.

*రామదాసులు.* సన్నటి రెక్కలు, చీలిన తోక, నీళ్ల మీద తల కిందికి పెట్టి ఎగరడం. గల్ నీళ్ల మీద తేలుతూ కూర్చుంటుంది, రామదాసు గాల్లోంచి సూటిగా దూకుతుంది. పసుపు ముక్కూ, గాలికి లేచిన నల్ల జుట్టూ ఉంటే పెద్ద జుట్టు రామదాసు. ముక్కు ఎర్రటి క్యారట్‌లా లావుగా ఉండి, పక్షి కూడా భారీగా ఉంటే కాస్పియన్ రామదాసు.

*ఉల్లంకి పిట్ట.* రాయి మీద తోక పైకీ కిందికీ ఊపుతూ తిరిగే గోధుమ రంగు చిన్న పిట్ట. ఎగిరినప్పుడు నీళ్లకు తాకేంత కిందుగా, రెక్కలు కొద్దిగా ఆడించి, బిగబట్టి, మళ్లీ ఆడించి పోతుంది. కొత్తవాళ్లకు ఇదే మంచి గురువు, మనిషికి అంతగా బెదరదు.

*రాళ్లు తిప్పే పిట్ట.* టర్న్‌స్టోన్. పొట్టి నారింజ కాళ్లు, ఛాతీ మీద నల్ల మరకలు. పేరుకు తగ్గట్టే గులకరాళ్లనూ పాచినీ ముక్కుతో ఎత్తి తిరగేసి కిందనున్న పురుగుల్ని ఏరుకుంటుంది. రాళ్ల రంగులో కలిసిపోతుంది కాబట్టి కదిలేదాకా కనబడదు.

పైకి చూడటం మర్చిపోవద్దు. ఇటుక రంగు ఒళ్లు, తెల్ల తల ఉంటే గరుడ పక్షి. బూడిద రెక్కలు, తెల్ల పొట్ట, చిన్న తోకతో వెడల్పుగా తేలేది సముద్రపు గద్ద. కళ్ల మీదుగా నల్ల పట్టీతో, కాళ్లు ముందుకు చాచి నీళ్లలోకి పడేది కొరమీను గద్ద. చలికాలంలో కొండచరియ రాళ్ల మీద నీలం రంగు పిట్ట ఒంటరిగా కూర్చుని ఉంటే అది నీలి రాతి త్రష్, సముద్రపు పక్షి కాదు గానీ ఈ రాళ్లంటే దానికి ఇష్టం.

8. దగ్గరవడం

నడుచుకుంటూ పక్షి వైపు సూటిగా వెళ్లడం అంటే దానికి 'నిన్ను తినడానికి వస్తున్నాను' అని చెప్పడమే. ఏటవాలుగా నడవండి, మధ్యలో ఆగండి, వేరే వైపు చూడండి, వంగి కూర్చోండి. పక్షి మెడ చాచి మేత ఆపిందంటే మీరు గీత దాటారు. అక్కడే ఆగండి. మళ్లీ మేతలో పడితే రెండడుగులు. తల పైకీ కిందికీ ఆడిస్తూ నడుస్తూ దూరం జరుగుతుంటే వెనక్కి రండి.

పోటు పూర్తిగా ఎక్కినప్పుడు ఏదో ఒక ఎత్తు రాయి మీద గుంపంతా నిద్రపోతుంది. అక్కడికి మాత్రం వెళ్లకండి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షికి తిండి, విశ్రాంతి రెండే పెట్టుబడి. మీ ఎగిరే గుంపు ఫొటో కోసం లేపితే ఆ శక్తి వృథా. చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి పక్షుల్ని లేపి ఫొటో తీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివాళ్లకు వద్దని మొహమాటపడకుండా చెప్పండి.

9. కెమెరా అమరిక

మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సరు ఎంత స్పందించాలో కెమెరాయే తేల్చుకోవడం). షట్టర్ స్పీడూ అపర్చరూ మీ చేతిలో, మిగతాది కెమెరా చూసుకుంటుంది. అపర్చర్ ఎఫ్6.3 నుంచి ఎఫ్8. నిలబడ్డ కొంగకు 1/500, నడిచే ఉల్లంకికి 1/1000, ఎగిరే గల్‌కు 1/1600, దూకే రామదాసుకు 1/2500. ఐఎస్‌ఓ 1600 అయినా భయపడకండి. గింజలు కనిపించే ఫొటోను సాఫ్ట్‌వేర్‌లో బాగుచేయవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్ ఎప్పుడూ కంటిన్యువస్‌లో, పాయింటు కంటి మీద.

రాళ్ల ఒడ్డున అసలు చిక్కు ఎక్స్‌పోజర్. తెల్ల గల్ నల్లరాయి మీద కూర్చుంటే కెమెరా రాయిని చూసి 'చీకటిగా ఉంది' అనుకుని వెలుగు పెంచుతుంది, గల్ ఈకలు తెల్ల కాగితంలా కాలిపోతాయి. అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్ మైనస్ 0.7కి, ఒక్కోసారి మైనస్ 1కి తిప్పాలి. తిరిగి ఆకాశం మీద గరుడ పక్షి వస్తే కెమెరా ఆకాశాన్ని చూసి చీకటి చేస్తుంది. అప్పుడు ప్లస్ 1. ఈ డయల్ ఏ వేలికి ఎటు తిరుగుతుందో ఇంట్లో కళ్లు మూసుకుని ప్రాక్టీస్ చేయండి. కాలిపోయిన చోట్లు మిణుకుమిణుకుమనే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి ఉంచండి. ఫైళ్లు రా (RAW) ఫార్మాట్‌లోనే.

ఫోకస్ సరిగ్గానే ఉన్నా ఫొటో మసకగా వస్తుంటే లెన్సును తిట్టకండి. కాలిన రాళ్ల మీంచి లేచే వేడిగాలి కారణం. దానికి మందు రెండే: పక్షికి దగ్గరవడం, లేదా చూపు రాళ్ల మీంచి కాకుండా నీళ్ల మీంచి పోయేలా చోటు మార్చడం.

10. ముందు ఈ మూడు ఫొటోలు ప్రయత్నించండి

మొదటిది, కొంగా నురగా. రీఫ్ కొంగ ఒకే రాయిని పట్టుకుని ఉంటుంది, అల దాని వెనక పగులుతుంది. అల లేచేముందే షట్టర్ సగం నొక్కి ఉంచి, విరిగే క్షణంలో ఏడెనిమిది ఫ్రేములు తీయండి. 1/1000 అయితే ప్రతి నీటి చుక్కా వేరువేరుగా నిలబడుతుంది. తర్వాత ఎండ పోయి వెలుగు తగ్గాక అదే కొంగను శనగల సంచి మీద లెన్సు ఆనించి, ఎఫ్16 పెట్టి, 1/15 సెకనుతో తీయండి. నీరు పాలలా పారుతుంది, కొంగ శిల్పంలా నిలుస్తుంది. ఇరవైలో రెండు పనికొస్తాయి. ఈ కొంగకున్న కదలని గుణాన్ని ఇంతకంటే బాగా చెప్పే ఫొటో లేదు.

రెండోది, రామదాసు దూకడం. దాన్ని వెంబడిస్తూ కెమెరా తిప్పితే మెడ నొప్పి తప్ప ఏమీ రాదు. ముందు పది నిమిషాలు ఊరికే చూడండి. గాలికి ఎదురుగా ఒక దారిలో వేటాడుతూ వెళ్లి, చివర్న చుట్టు తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది. ఆ దారిలో మీకు దగ్గరైన చోటును ఎంచుకుని అక్కడ కాచుకోండి. గాల్లో ఆగి, ముక్కు కిందికి తిప్పిందంటే అర సెకనులో పడుతుంది. జూమ్ కాస్త తగ్గించుకుని తీయండి, ఫ్రేములోంచి జారిపోకుండా ఉంటుంది. లెన్సులో ఒక కన్ను పెట్టి రెండోది కూడా తెరిచే ఉంచడం అలవాటు చేసుకోండి.

మూడోది, గరుడ పక్షి నీళ్ల మీంచి చేపముక్క ఎత్తడం. పడవలు పొద్దున ఒడ్డుకు చేరాక వలలు దులిపేటప్పుడు పెదజాలరిపేట దగ్గర ఇది నిత్య దృశ్యం. ఒళ్లు తడవకుండా కాలి వేళ్లతో గీసినట్టు ఎత్తుకుపోతుంది. అక్కడ ముందు మనుషులతో మాట్లాడండి. వాళ్లు పనిలో ఉంటారు, వలలు తొక్కకండి, ఆడవాళ్లను అడగకుండా ఫొటోలు తీయకండి. ఓ టీ తాగి పలకరిస్తే పడవ ఎన్నింటికి వస్తుందో వాళ్లే చెబుతారు.

11. ఉప్పు

అల కనిపించకపోయినా గాల్లో ఉప్పు ఉంటుంది. ఒడ్డున లెన్సు మార్చకండి. ఇంటికి రాగానే ముందు పొడి గుడ్డతో రుద్దకండి, ఉప్పు రేణువులు అద్దాన్ని గీస్తాయి. మంచినీళ్లలో తడిపి బాగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ, లెన్సు గొట్టం తుడిచి, తర్వాత పొడి గుడ్డ. ముందు అద్దానికి రక్షణ ఫిల్టర్ ఉంటే దాన్ని విప్పి విడిగా శుభ్రం చేయండి. తర్వాత సిలికా జెల్ పొట్లాలున్న మూత డబ్బాలో పెట్టేయండి. ఏసీ గదిలోంచి తిన్నగా ఒడ్డుకు తెస్తే లెన్సు మీద చెమ్మ పట్టేస్తుంది. కెమెరాను సంచిలోనే అరగంట ఉంచి బయటికి తీయండి.

12. రాసుకోవడం

తేదీ, తిథి, పాటు వేళ, గాలి, చోటు, పక్షులు. ఇవి ఒక నోటుబుక్కులో. పేరు తేలకపోతే పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ సాయం తీసుకోండి, లెక్కలు ఈబర్డ్ అనే పక్షుల నమోదు సైటులో పెడితే మీ ఒక్కరి దగ్గరే ఉండిపోవు. పక్షి కాలికి ఉంగరమో రంగు జెండానో కనిపిస్తే పక్షి ముఖం వదిలేసి ముందు కాలి ఫొటో తీయండి. మన దేశంలో వేసిన ఉంగరాల మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలపమని ఉంటుంది. ఆ అంకెలు పంపితే పక్షిని ఎక్కడ, ఎప్పుడు పట్టి వదిలారో తెలిసే అవకాశం ఉంటుంది.

తుపాను వెళ్లిన మర్నాటి ఒడ్డు వేరే లోకం. నడిసంద్రంలో తిరిగే నల్లవీపు రామదాసులు, బూబీల్లాంటి పక్షులు గాలికి కొట్టుకొచ్చి ఒక్కోసారి రోడ్డు మీద కూడా కూలబడతాయి. అలాంటిది కనిపిస్తే జాలిపడి మళ్లీ నీళ్లలోకి విసరకండి. నోట్లో నీళ్లు పోయకండి. కళ్ల మీదుగా తువ్వాలు కప్పి, ముక్కు మీ ముఖానికి దూరంగా పట్టుకుని, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీ శాఖవాళ్లకు ఫోన్ చేయండి. పెట్టె మూసే ముందు ఒక్క ఫొటో, ఫ్లాష్ లేకుండా.